హోటల్లో చంటిపిల్ల చేసిన నేరమేమిటి?

నడక వచ్చి, మాట ఇంకా పూర్తిగా రాని పిల్లల్ని హోటళ్లకు తీసుకురాకూడదన్న అభిప్రాయం హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి ఊళ్లలో మర్యాదస్తుల మాటగా చలామణి అవుతోంది. పక్క టేబుల్ దగ్గర ఏడాదిన్నర పిల్ల గ్లాసుతో బల్ల మీద నాలుగు దెబ్బలు వేస్తే చాలు, చుట్టూ ఉన్న చూపులు ముందు పిల్ల మీదికి, ఆ వెంటనే తల్లి మీదికి వెళ్తాయి. తండ్రి పక్కనే కూర్చుని మెనూ తిరగేస్తున్నా ఆయన దాకా రావు.

ఈ మాట అనేవాళ్లంతా పిల్లలంటే గిట్టనివాళ్లు కారు. వాళ్ల వాదన ఇది: వారమంతా పనిచేసి, ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుని, టేబుల్ కోసం నిలబడ్డ మనిషికి కాసేపు ప్రశాంతంగా తినే హక్కుంది. గుక్కపట్టి ఏడ్చే పిల్ల ఆ హక్కును లాగేసుకుంటుంది. కింద చల్లిన అన్నం ఎత్తాల్సింది క్లీనర్. వేడి సాంబారు పట్టుకెళ్తున్న సర్వర్ కాళ్లకు పిల్ల అడ్డంపడితే ఇద్దరికీ ప్రమాదం. రెండేళ్ల పిల్లకు హోటల్ తిండి మీద మోజేమీ ఉండదు కాబట్టి ఈ సరదా పెద్దవాళ్లదే. కన్నవాళ్లు నాలుగైదేళ్లు ఆ సరదా మానుకుంటే కొంపలేమీ మునిగిపోవు. తిండి ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు ఉండనే ఉన్నాయి.

వినడానికి న్యాయంగానే ఉంది. ముక్క ముక్కా విడదీస్తే మాత్రం నిలబడదు. ఇక్కడ చర్చ మామూలు హోటళ్ల గురించే: టిఫిన్ సెంటర్లు, మీల్స్ హోటళ్లు, బిర్యానీ రెస్టారెంట్లు, హైవే పక్కన బండి ఆపి తినే చోట్లు. కొవ్వొత్తుల వెలుగులో మూడు గంటలు విందు సాగే స్టార్ హోటళ్ల సంగతి వేరు, బార్ల సంగతి మరీ వేరు.

1. అమ్మని సరుకు దొరకలేదని అలక

డబ్బులిచ్చాం కాబట్టి ప్రశాంతత మా హక్కు అన్నది మొదటి వాదన. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు నిండిపోయిన బిర్యానీ హోటల్లో అసలు ప్రశాంతత ఏ మూల ఉంటుంది? కింద గ్రానైటు, పక్కన అద్దాలు, పైన ఫాల్స్ సీలింగ్. పుట్టిన ప్రతి చప్పుడూ పీల్చుకునే దిక్కులేక అటూ ఇటూ కొట్టుకుంటుంది. గోడ మీద టీవీలో క్రికెట్. కౌంటర్ దగ్గర పార్సిళ్ల కేకలు. మధ్యలో ఆఫీసు బృందం ఒకటి పుట్టినరోజు చేసుకుంటుంది: పాట, చప్పట్లు, మొహానికి కేకు, దానికి తోడు హోటల్ సిబ్బంది తాళం. మరో టేబుల్ దగ్గర పెద్దాయన స్పీకర్ ఫోన్ పెట్టి డాలస్‌లో ఉన్న కొడుకుతో ఇంటి లోను వడ్డీ గురించి మాట్లాడుతుంటాడు. ఆ వడ్డీ రేటు హాలు మొత్తానికీ తెలిసిపోతుంది.

వీళ్లలో ఒక్కరినీ ‘మీరు హోటల్‌కి రావద్దు’ అని ఎవరూ అనరు. బృందం గోల రెండు గంటలు సాగుతుంది. పిల్ల ఏడుపు చాలాసార్లు ఇడ్లీ ముక్క నోట్లో పడేదాకానే. చప్పుడే అభ్యంతరమైతే చప్పుడును కొలవాలి. ఇక్కడ కొలుస్తున్నది వయసును.

పసిపిల్ల ఏడుపు మిగతా శబ్దాలకన్నా ఎక్కువ గుచ్చుకుంటుందన్నది నిజమే. పెద్దవాళ్లను ఉన్నచోటు నుంచి లేపి దగ్గరకు రప్పించడమే ఆ ఏడుపు పని. వినేవాడికి చిరాకు కలగడం సహజం. అయితే చిరాకు కలిగింది కాబట్టి ఎదుటివాళ్లది తప్పు, తప్పు కాబట్టి వాళ్లు రాకూడదు అనే రెండు గెంతులకూ కింద ఆధారం లేదు.

2. ‘ఇంట్లో నేర్పి తీసుకురండి’

ఈ సలహా చాలా తెలివైనదిగా కనిపిస్తుంది. ఏం నేర్పాలి? ఆర్డరిచ్చిన తర్వాత పావుగంట ఆగడం, పక్కవాళ్ల టేబుల్ మీదున్నది తనది కాదని తెలుసుకోవడం, కొత్త మొహాల మధ్య కుర్చీలో కూర్చుని తినడం. ఈ మూడింటిలో ఇంట్లో దొరికేది ఒక్కటీ లేదు. ఇంట్లో ఆకలేసిన పిల్లకు నిమిషంలో గిన్నె వస్తుంది, పక్క టేబుల్ ఉండదు, కొత్త మొహాలుండవు. హోటల్లో మెలగడం హోటల్లోనే వస్తుంది.

పైగా ఆ వయసు నుంచి ఏం ఆశించాలో కూడా ఒక అంచనా ఉండాలి. మనల్ని మనం అదుపులో పెట్టుకోవడానికి పనికొచ్చే మెదడు ముందుభాగం పూర్తిగా పరిణతి చెందేది ఇరవైల మధ్యకు వచ్చాకే. 1960లు, 70లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చేసిన ప్రసిద్ధమైన మిఠాయి పరీక్షలో, కాసేపు ఆగితే రెండోది కూడా ఇస్తామని చెప్పినా, నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది కళ్లముందున్నదాన్ని తినకుండా ఆగలేకపోయారు. అలాంటిది రెండేళ్ల పిల్ల పక్కవాళ్ల అప్పడం వైపు చెయ్యి చాపితే పెంపకం లోపమని తేల్చేస్తారు.

తిండి సంగతీ అంతే. రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు కొత్త పదార్థాన్ని చూడగానే మొహం తిప్పుకోవడం అన్ని దేశాల్లోనూ కనిపించేదే. ఒకే పదార్థం మళ్లీమళ్లీ, కొన్నిసార్లు పది దఫాలు దాటి, ఎదురుపడితే గానీ నోట్లో పెట్టుకోరు. చుట్టూ పదిమంది పెసరట్టు తుంచుకు తింటుంటే చూసిన పిల్ల తానూ ఒక ముక్క తుంచుతుంది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని ఈ వర్గమే తరచూ అంటుంటుంది. ఆ సామెత నిజమైతే పిల్లను ఏడాదిన్నరకే తీసుకెళ్లాలి. అయిదో ఏట మొదటిసారి హోటల్ మెట్లెక్కే పిల్లాడికి ఒంటి బలం అయిదేళ్లది, టేబుల్ మర్యాద రెండేళ్లది.

తెలుగువాళ్లకు ఇదంతా కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అన్నప్రాసన ఆరో నెలలో పదిమందిని పిలిచి చేస్తాం. పెళ్లి బంతిలో తల్లి ఒడిలో పిల్ల, పిల్ల చేతిలో బూరె లేని వరుస కనపడదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం 2011 నుంచి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో సాగుతోంది. ఒక్కో హాలులో సుమారు వెయ్యి మంది కూర్చుంటారు. పుట్టువెంట్రుకలు తీయించి, గుండు మీద గంధం ఆరకముందే పిల్లను ఎత్తుకొచ్చి ఆ బంతిలో కూర్చునే తల్లిదండ్రులు రోజూ వందల్లో ఉంటారు. ఏడాదిలోపు బిడ్డలున్నవాళ్లకు సుపథం మీదుగా దర్శనానికి దేవస్థానమే ఏర్పాటు చేసింది. పసిపిల్లలుంటే పదిమంది కలిసి తినడం కుదరదన్న సిద్ధాంతం ఆ హాలు గుమ్మం దగ్గరే ఓడిపోతుంది.

తల్లిదండ్రుల వైపు నుంచీ ఒక లోపం ఉంది, దాన్ని దాచడం అనవసరం. మన ఇళ్లలో పిల్లకు అన్నం పెట్టడమంటే గిన్నె పట్టుకుని వెంట తిరగడం. వరండా, మేడమెట్లు, వీధి కుక్క, చందమామ. ఈ ప్రదక్షిణ పూర్తయ్యేసరికి ముప్పావుగంట. అలా తిని పెరిగిన పిల్లను ఒక్కసారిగా హోటల్లో బేబీ చెయిర్‌కు బెల్టు బిగించి కూర్చోమంటే గోల చేయక ఏం చేస్తుంది? ఇంట్లో ఒక్క పూటైనా పెద్దవాళ్లతో పాటు కూర్చోబెట్టి తినిపించడం ఆ ఇంటివాళ్ల పని. కానీ దీని మందు హోటల్ మానేయడం కాదు.

3. ఫోన్ ఇస్తే ఒక తిట్టు, ఇవ్వకపోతే ఇంకో తిట్టు

‘ఏదో ఒకటి చూపించి ఊరుకోబెట్టండి’ అనేవాళ్లే, పిల్ల చేతిలో ఫోన్ కనపడగానే ‘ఈ కాలం తల్లులకు ఫోనే ఆయా’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది వయసు పిల్లలకు తెర వద్దే వద్దని, రెండేళ్ల వయసువాళ్లకు రోజు మొత్తం మీద గంట దాటకూడదని చెప్పింది. భారత పిల్లల వైద్యుల సంఘం రెండేళ్లలోపు వాళ్లకు, దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ తప్ప, అసలు చూపించవద్దంది. ఆ మాట విన్న తల్లి హాలులో వందమంది చిరాకును మొయ్యాలి. వినని తల్లి వందమంది ఉపదేశాన్ని మొయ్యాలి. ఎటు తిరిగినా తప్పే అయ్యేలా రాసిన నియమాన్ని నియమం అనలేం.

4. ‘నాలుగైదేళ్లు మానుకుంటే పోయేదేముంది?’

ముందు లెక్క సరిచూడాలి. ఒక్క బిడ్డకు అయిదేళ్లు. మూడేళ్ల తేడాతో రెండో బిడ్డ పుడితే మొత్తం ఎనిమిదేళ్లు. అంతకాలం ఒక జంట బయట కలిసి కూర్చుని తినకూడదన్నది ఈ సలహా అసలు అర్థం. ఆచరణలో అది జంటకు పడే శిక్ష కూడా కాదు. తండ్రి స్నేహితులతో, ఆఫీసువాళ్లతో వెళ్తూనే ఉంటాడు. ఇంట్లో ఉండిపోయేది తల్లి.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. దాదాపు అయిదు గంటలు వంటింట్లో, గిన్నెల దగ్గర గడిపే మనిషికి వారానికో పూట ఎవరో వండి వడ్డించడం విలాసమా? యాప్ ఉంది కదా అంటారు. యాప్ దోశను తెస్తుంది, దాని కరకరను తేదు. డబ్బాలో చెమటపట్టి మెత్తబడ్డ పెసరట్టును విప్పేదీ, గిన్నెల్లోకి సర్దేదీ, ఆ తర్వాత కడిగేదీ మళ్లీ ఆవిడే. ఆవిడ కోరుకున్నది తిండి మాత్రమే కాదు, ఇల్లు దాటి ఒక గంట.

ఇక హోటల్ అంటే సరదా అనుకోవడం ఇంకో పొరపాటు. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. సంక్రాంతికి పిల్లతో బయల్దేరిన కుటుంబం నార్కట్‌పల్లిలోనో సూర్యాపేటలోనో ఆగి తినక తప్పదు. పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్లో పిల్లతో కూర్చున్నవాళ్లు షికారుకు రాలేదు. అద్దె ఇల్లు మారిన రోజు, గ్యాస్ అయిపోయిన రాత్రి, అమ్మమ్మ ఊరికి రైలు దిగిన తెల్లవారుజాము, ఇవన్నీ హోటల్ బల్ల దగ్గరికే చేరుస్తాయి.

మరో ముక్క కూడా చెప్పాలి. తెలుగునాట సగం రెస్టారెంట్ల బోర్డుల మీద ‘ఫ్యామిలీ’ అన్న మాట ఉంటుంది. ఒకప్పుడు హోటల్ హాలు మగవాళ్లదే. ఆడవాళ్లు, పిల్లలు వస్తే కూర్చోవడానికి కర్టెన్ వేసిన ఫ్యామిలీ రూములు, హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో ఫ్యామిలీ క్యాబిన్లు ఉండేవి. అంటే వ్యాపారం కుటుంబాన్ని కావాలని పిలిచింది. పిలిచి, గల్లా నింపుకుని, ఇప్పుడు కుటుంబంలో చిన్నదాన్ని ఇంట్లో వదిలి రమ్మంటే అది ఏ లెక్కన ఫ్యామిలీ రెస్టారెంటు?

5. కొరియాను చూడమంటున్నారు కాబట్టి చూద్దాం

‘దక్షిణ కొరియాలో నో కిడ్స్ జోన్‌లున్నాయి, అమెరికాలో, జర్మనీలో కూడా పెట్టారు, యజమాని ఇష్టం’ అన్నది తరచూ వినిపించే దాఖలా. ఉన్నాయి, నిజమే. జర్మనీలో రూగెన్ దీవి మీదున్న ఓమాస్ క్యూషె 2018లో సాయంత్రం అయిదు దాటాక పద్నాలుగేళ్లలోపు వాళ్లకు ప్రవేశం లేదంది. అమెరికాలో న్యూజెర్సీకి చెందిన నెటీస్ హౌస్ ఆఫ్ స్పగెటీ 2023 మార్చి నుంచి పదేళ్లలోపు వాళ్లను రానివ్వమని ప్రకటించింది. ఈ రెండు వయసులూ ఒకసారి చూడాలి. మొదలైంది ఏడ్చే చంటిపిల్లల పేరు చెప్పి. గీత గీసింది బడిలో ఎక్కాలు అప్పజెప్పే పిల్లల నెత్తిన. వయసును కొలబద్ద చేసుకున్న నియమం ఎక్కడ ఆగుతుందో గీసేవాడికే తెలియదు.

కొరియాలోనూ అదే జరిగింది. బుసాన్‌లోని ఒక హోటల్లో పరుగెత్తుతున్న పిల్లవాడు వేడినీళ్లు తెస్తున్న ఉద్యోగికి తగిలి కాలిన కేసులో కోర్టు ఎక్కువ బాధ్యత యజమానిదేనంది. ఈ బోర్డులు పెరగడానికి ఆ తీర్పు ఒక కారణమని అక్కడ చెప్పుకుంటారు. ఆ పిల్లవాడు చంటిపిల్లవాడు కాడు, బడికెళ్లే వయసువాడు. మనవాళ్లు చెప్పని మిగతా సగం ఒకటుంది. జెజు దీవిలో పదమూడేళ్లలోపు పిల్లలను రానివ్వని ఒక ఇటాలియన్ రెస్టారెంటుది వివక్షేనని ఆ దేశపు జాతీయ మానవ హక్కుల సంఘం 2017లో తేల్చింది. 2023లో యోంగ్ హ్యె-ఇన్ అనే పార్లమెంటు సభ్యురాలు తన చంటిపిల్లవాణ్ని వెంటబెట్టుకుని జాతీయ అసెంబ్లీలో విలేకరుల సమావేశం పెట్టి, ఈ బోర్డులు పోవాలని అడిగింది. ఆ ఏడాది కొరియా సంతాన సాఫల్య రేటు 0.72, ప్రపంచంలోనే అట్టడుగు. హోటల్ బోర్డుల వల్లే జననాలు తగ్గాయని అనడం అతిశయోక్తి. కానీ పిల్లలు కావాలని ప్రభుత్వం మొత్తుకుంటున్న దేశంలో, పుట్టిన పిల్లలు కళ్లపడకూడదని వ్యాపారులు బోర్డులు పెట్టడం ఎంత విడ్డూరమో ఊహించుకోవచ్చు.

ఊహ కూడా అక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం సంతాన సాఫల్య రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, జనాభా నిలకడగా ఉండడానికి కావలసిన 2.1 కన్నా బాగా తక్కువ. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని బహిరంగంగా అడుగుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఓపక్క కనమని పిలుపు, మరోపక్క కన్నవాళ్లు అయిదేళ్లు గడప దాటొద్దని హితబోధ.

యజమాని ఇష్టమన్న మాటకు చట్టంలో కొంత చోటుంది. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్ల పేరెత్తి మరీ మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు ఆధారంగా ప్రవేశం నిరాకరించకూడదంది. ఆ జాబితాలో వయసు లేదు. కాబట్టి బోర్డు పెట్టిన యజమానిని ఈ అధికరణం కింద కోర్టుకు లాగడం కష్టమే. అయితే హోటల్ గుమ్మం పూర్తిగా సొంతింటి గుమ్మం కాదని ఈ దేశం తన మూల చట్టంలోనే రాసుకుంది. ఆ పక్కనే 15(3)లో స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్నీ ప్రభుత్వానికిచ్చింది. చట్టం ఆపలేదు కాబట్టి సబబే అనేవాడు చట్టాన్నీ సగమే చదివాడు.

వ్యాపార చరిత్ర కూడా ఈ బోర్డుల పక్షాన లేదు. టోక్యోలో మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ భోజనశాల 1930లోనే పిల్లల కోసం ప్రత్యేకమైన పళ్లెం తెచ్చింది. అది జపాన్ అంతటా పాకింది. మన హైదరాబాద్‌లోనే 2018 ఆగస్టులో తెరిచిన ఐకియా దుకాణంలో వెయ్యి సీట్ల భోజనశాల పెట్టారు, పిల్లల కుర్చీలు, పిల్లల తిండితో సహా. సోఫా అమ్ముకోవాల్సిన కంపెనీ పిల్లలను ఎందుకు కూర్చోబెట్టుకుంది? పిల్ల కుదురుగా కూర్చుంటే తల్లిదండ్రులు ఇంకో గంట ఉంటారు, ఇంకో వస్తువు కొంటారు. దయతో చేసిన పని కాదది.

6. క్లీనర్ పేరు చెప్పి

ప్రత్యర్థుల వాదనల్లో గట్టిది ఇదొక్కటే. బల్ల కింద చల్లిన పప్పన్నం, చట్నీలో ముంచి గోడకు రాసిన వేళ్లు, కుర్చీ సందుల్లో ఇరికిన సేమ్యా ఎవరో ఒకరు తుడవాలి. ఆ మనిషికి జీతం తక్కువ, పని ఎక్కువ. మరిగే సాంబారుతో తిరిగే సర్వర్‌కు కాళ్ల మధ్య పిల్ల అడ్డొస్తే జరిగేది చిన్న ప్రమాదం కాదు. పిల్లను హాలులోకి వదిలేసి తమ ఫోన్లలో మునిగిపోయే తల్లిదండ్రులున్నారు. తినే బల్ల మీదే డైపర్ మార్చి, దాన్ని అక్కడే వదిలి వెళ్లేవాళ్లూ ఉన్నారు. వీళ్లను వెనకేసుకురావడానికి ఏమీ లేదు.

కానీ క్లీనర్ మీద ఇంత జాలి పడేవాళ్లు తమ బల్ల కూడా చూసుకోవాలి. తిన్న పళ్లెంలోనే చెయ్యి కడిగేదెవరు? రసం గిన్నెలో టిష్యూ కాగితాలు కుక్కేది, నమిలిన ఎముకలను పళ్లెం పక్కన బల్ల మీద పేర్చేది రెండేళ్ల పిల్లలు కారు. ఆ పెద్దవాళ్ల వయసు చూసి ఏ యజమానీ బోర్డు పెట్టలేదు.

కాబట్టి నియమం కావాలంటే వయసుకు కాదు, నడతకు పెట్టాలి. పిల్ల హాలులో పరుగెత్తకూడదు; ఎత్తుకోవాల్సింది తల్లో తండ్రో. ఏడుపు రెండు మూడు నిమిషాల్లో ఆగకపోతే ఒకరు బయటికి తీసుకెళ్లాలి, ఆ ఒకరు ప్రతిసారీ తల్లే కానక్కర్లేదు. పెద్ద మెతుకులు ఎత్తి, బల్ల ఒకసారి తుడిచి లేవాలి. క్లీనర్ చేతిలో నాలుగు డబ్బులు పెట్టాలి. ఎనిమిదిన్నర రద్దీకి కాకుండా ఏడింటికే వెళ్లడం అందరికీ మంచిది. కూర్చోగానే ముందు ఒక ప్లేటు ఇడ్లీ చెప్తే సగం యుద్ధం అక్కడే ముగుస్తుంది.

యజమాని పని కూడా కొంత ఉంది. బెల్టు తెగిపోని బేబీ చెయిర్లు రెండు, వంటింటి దారికి దూరంగా మూల టేబుల్ ఒకటి, మగవాళ్ల బాత్రూంలో కూడా డైపర్ మార్చే పలక, కారం వెయ్యకుండా పప్పన్నమో పెరుగన్నమో ఇవ్వమని వంటవాడికి చెప్పిన ఒక మాట. ‘కిడ్స్ మెనూ’ పేరుతో చల్లారిన ఫ్రెంచ్ ఫ్రైస్‌ను పెద్ద ధరకు అమ్మడం కన్నా ఇవి చవక. ఏ పిల్ల వచ్చినా పరుగులు పెట్టనివ్వవద్దని చెప్పే హక్కు ఆయనకుంది, చెప్పాలి కూడా. అదే గొంతుతో స్పీకర్ ఫోన్ ఆపమని పెద్దాయనకూ, గోల తగ్గించమని పుట్టినరోజు బృందానికీ చెప్పాలి. పెద్ద బిల్లు కట్టేవాళ్లతో ఆ మాట అనే ధైర్యం లేక, ఎదురు మాట్లాడలేని ఏడాదిన్నర పిల్ల మీద బోర్డు పెట్టే యజమాని ముందుగా తన పాత బోర్డు మీదున్న ‘ఫ్యామిలీ’ని చెరిపించుకోవాలి.